రెండు రోజుల్లో తిరువనంతపురం – 3వ పాఠం: ముందు మూసి ఉండే వేళలు

పోయిన పాఠంతో ఒడిశాలోని మన బరంపురం నుంచి రైలు సంగతి అయింది. రిజర్వేషను 60 రోజుల ముందు తెరుస్తారు గనుక, ఈపాటికి తేదీలు అనుకునే ఉంటారు. డిసెంబరు చివర గాని, జనవరిలో గాని పెట్టుకోండి. దసరా సెలవులు మాత్రం వద్దు. ఆ రోజుల్లో మనకి తుపాను భయం (2013లో ఫైలిన్ గోపాలపూర్ దగ్గర తీరం దాటింది అక్టోబరు 12నే), అక్కడేమో ఈశాన్య రుతుపవనాల వానలు మొదలవుతాయి.

ఈ పాఠంలో పట్టిక వేద్దాం. తెల్లకాగితం మీద రెండు రోజులకి ఆరు గడులు గీయండి: పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం. ఏం చూడాలో ఇంకా రాయకండి. ఏది ఎప్పుడు మూస్తారో ముందు రాయాలి.

మొదటిసారి మేం పిన్నివాళ్లతో కలిసి సోమవారం పొద్దున దిగాం. జూ మూత, అదే ఆవరణలోని నేపియర్ మ్యూజియం మూత, కోట దగ్గర కుతిరమాళిక అనే రాజభవనం కూడా మూత. పిల్లలు జూ గేటు చువ్వలు పట్టుకుని లోపలికి చూస్తూ చాలాసేపు నిలబడిపోయారు. అప్పటినుంచి నా కాగితంలో మొదట కొట్టేసేది సోమవారమే.

రెండోది మధ్యాహ్నం. పద్మనాభస్వామి గుడి తలుపులు మధ్యాహ్నం వేస్తే మళ్లీ సాయంత్రమే తీస్తారు. కాబట్టి గుడి పొద్దుటి గడిలోకి వెళ్లాలి. మగవాళ్లు పంచెతో, పైన ఏమీ లేకుండా వెళ్లాలి. ఆడవాళ్లకి చీరయితే ఏ ఇబ్బందీ ఉండదు. అక్కడ కొత్త పంచె కొనక్కర్లేదు, పెట్టెలో దాచిన బరంపురం పట్టు పంచెల జోడు తీయండి. శయనించిన స్వామి ఒక్క చూపులో కనిపించడు. మూడు ద్వారాల్లోంచి ముఖం, నాభి, పాదాలు విడివిడిగా చూడాలి. ముందు తెలిస్తే పెద్దవాళ్లు తొందరపడి మొదటి ద్వారం దగ్గరే వెనక్కి తిరగరు.

బయటికి రాగానే ఎదురుగా మేత్తన్ మణి గడియారం ఉంటుంది. గంట కొట్టేటప్పుడు గడ్డపు ముఖం నోరు తెరుస్తుంది, రెండు పొట్టేళ్లు వచ్చి దాని చెంపల్ని గుద్దుతాయి. పిల్లలుంటే గంటకి ఐదు నిమిషాల ముందే అక్కడ నిలబెట్టండి. పక్కనే కుతిరమాళిక, చూరు కింద వరసగా 122 చెక్క గుర్రాలు. కట్టించిన స్వాతి తిరునాళ్ మహారాజు తెలుగులోనూ కీర్తనలు రాశాడు. మన భాష అంత దూరం నడిచి వెళ్లిందని ఆ మెట్ల మీద కూర్చుని పిల్లలకి చెప్పడం నాకెంతో ఇష్టం.

ఇక సముద్రం. మనకి గోపాలపూర్‌లో సూర్యుడు నీళ్లలోంచి లేస్తాడు గనుక, సముద్రం అనగానే తెల్లారుజామున లేచి పరుగెత్తే అలవాటు. తిరువనంతపురం పక్కనున్న కోవళం పడమటి తీరం. అక్కడ నీళ్లలోకి దిగే సూర్యుణ్ణి చూడాలి. పైగా డిసెంబరులో మన దగ్గర ఐదుంబావుకే పొద్దు గూకితే, అక్కడ ఆరు దాటాకే. సాయంత్రం గడి దానికే ఉంచండి. ఎర్రజెండా ఉన్నచోట మోకాలి లోతు నీళ్లలోకి కూడా దిగొద్దు.

మిగిలిన గడులు మీరే నింపండి. ఎండ ముదిరిన మధ్యాహ్నాల్లో ఒకటి ఖాళీగా వదలండి, ఇంట్లో పెద్దవాళ్లుంటే రెండూ. తిరుగు రైలు ఎక్కే పూట గడిలో రైలు తప్ప ఇంకేమీ రాయకండి. కాగితం దాచి ఉంచండి, 4వ పాఠంలో ఖర్చు లెక్క దాని మీదే వేస్తాం.