పాత మిద్దె కథ కనుక్కోవాలంటే పక్కింటి దస్తావేజు చూడండి

మా పెద్దనాన్న మిద్దె కాగితాలు 2009 అక్టోబరు వరదలో పోయాయి. తుంగభద్ర, హంద్రీ రెండూ కర్నూలు పాత ఊరి మీదికి వచ్చినప్పుడు ట్రంకుపెట్టె మూడు రోజులు నీళ్లలో నానింది. తెరిస్తే లోపల బురద ముద్ద. ముప్పై ఏళ్లు రిజిస్ట్రారాఫీసు దగ్గర దస్తావేజులు రాసినవాణ్ణి, చాలా రోజులు నిద్రపట్టలేదు. తర్వాత రెండేళ్లు తిరిగి ఆ ఇంటి కథను మళ్లీ కూడగట్టాను. మీకూ అలాంటి పాత మిద్దె ఉంటే, పడగొట్టకముందే ఈ పని చేయండి.

మొదట ఇంట్లో నిలబడి పైకి చూడండి. దూలాలు ఇనుపవైతే తుప్పు గీకి చూస్తే కంపెనీ పేరు కనబడుతుంది. టాటా అని ఉంటే అది 1912కు ముందుది కాదు, వాళ్ల ఉక్కు తయారీ మొదలైందే అప్పుడు. మా ఇంటి ద్వారం పైన ‘ప్రమోదూత’ అని చెక్కి ఉంది. ఆ పేరు అరవై ఏళ్లకోసారి వస్తుంది కాబట్టి 1870 కావచ్చు, 1930 కావచ్చు. ఇంట్లో అందరూ 1870 అనే చెప్పుకునేవాళ్లు. దూలాల మీద టాటా పేరు చూశాక 1930 అని నమ్మాను. కప్పు తర్వాత మార్చి ఉండొచ్చు కదా అని నాకూ అనుమానం వచ్చింది. కానీ దూలం గోడలోకి దిగిన చోట పాత గచ్చును పగలగొట్టి అతికిన గుర్తు ఎక్కడా లేదు. మంగళూరు పెంకుల ఇల్లయితే ఒక జాగ్రత్త: పెంకు మీద 1865 అని ఉంటే అది ఇల్లు కట్టిన ఏడాది కాదు, బాసెల్ మిషన్ వాళ్లు పెంకుల ఫ్యాక్టరీ పెట్టిన ఏడాది.

ఇక కాగితాలు. 1983 నుంచి జరిగిన రిజిస్ట్రేషన్లకు ఈసీ, అంటే ఆస్తి మీద నమోదైన లావాదేవీల పత్రం, ఆన్‌లైన్‌లో వస్తుంది. అంతకు ముందువి సబ్‌రిజిస్ట్రారాఫీసులో సెర్చ్ చేయించాలి. స్థిరాస్తుల దస్తావేజులు ఎక్కించే ఒకటో పుస్తకాన్ని ఫీజు కట్టి ఎవరైనా చూడొచ్చు, రిజిస్ట్రేషన్ చట్టం 57వ సెక్షన్‌లో ఆ హక్కు ఉంది. ఆస్తి మీ పేరున ఉండనక్కర్లేదు. చాలామందికి ఇది తెలియక గుమ్మం దగ్గర్నుంచే తిరిగి వస్తారు.

అసలు కిటుకు ఇక్కడుంది. మన దస్తావేజులో మన ఇంటి గురించి పెద్దగా ఉండదు: ఇన్ని గజాలు, ఇంత సొమ్ము, అంతే. పక్కింటి దస్తావేజులోని చెక్కుబందిలో, అంటే నాలుగు వైపులా ఏముందో రాసే చోట, మాత్రం మన ఇల్లు హద్దుగా వస్తుంది. మా తూర్పు ఇంటివాళ్ల 1954 నాటి కాగితంలో ‘పడమర: ఫలానావారి మిద్దె, ప్రస్తుతం సర్కారు ఆఫీసు’ అని ఉంది. చదివి అక్కడే కూర్చుండిపోయాను. 1953 అక్టోబరు 1న కర్నూలు ఆంధ్ర రాష్ట్ర రాజధాని అయినప్పుడు గుడారాల్లో కూడా ఆఫీసులు నడిచాయి. మా పడసాలలో గుమాస్తాలు కూర్చున్నారన్న మాట మాత్రం ఇంట్లో ఎవరూ చెప్పలేదు. 1956 నవంబరులో రాజధాని హైదరాబాదుకు పోయింది. వెనకింటివాళ్ల 1961 కాగితంలో మా ఇల్లు విద్యార్థుల హాస్టల్, 1978 కాగితంలో చెనిక్కాయల గోడౌను. దూలానికున్న లావు కొక్కేన్ని మేం ఉయ్యాలదనుకునేవాళ్లం. అది మూటలు తూచే కాటాది.

ఇంగ్లండులో 1841 నుంచి ఏ ఇంట్లో ఎవరున్నారో జనాభా లెక్కల్లో పేర్లతో సహా రాశారు, వందేళ్లు దాటాక వాటిని ఎవరైనా చూడొచ్చు. మన సెన్సస్‌లో ఇంటివారీ వివరాలు బయటికివ్వరు. అందుకే నాలుగు వైపులవాళ్ల కాగితాలూ అడగండి. ఆస్తి తగాదా అనుకుని భయపడతారు కాబట్టి ముందే విషయం చెప్పి, వాళ్ల ఎదుటే చదివి వాళ్ల చేతికే ఇచ్చేయండి.

తేదీ లేని రసీదులో లెక్క అణాల్లో ఉంటే అది 1957 ఏప్రిల్‌కు ముందుదని అనుకోవచ్చు. శిస్తు రసీదులో ఫసలీ (శిస్తు లెక్కల ఏడాది) ఉంటే దానికి 590 కలపండి: ఫసలీ 1340 అంటే 1930 జూలైలో మొదలైన ఏడాది.

చివరగా మనుషులు. వారసుల కంటే అద్దెకున్నవాళ్లను వెతకండి. వారసులకు పంపకాలు గుర్తుంటాయి, అద్దెకున్నవాళ్లకు గదులు గుర్తుంటాయి. ‘ఎప్పుడు’ అని అడిగితే ఎవరూ చెప్పలేరు. ‘ఈ గదిలో ఏముండేది, పొయ్యి ఎటు, నీళ్లు ఎక్కణ్ణుంచి’ అని అడగండి. హాస్టల్‌లో చదువుకున్న ఒక పెద్దాయన కళ్లు మూసుకుని మా ఇల్లంతా చెప్పారు, గవాక్షి కింద తను పుస్తకం పెట్టుకున్న చోటుతో సహా.

దొరికినవన్నీ ఫోటోలు తీసి, నకళ్లు రెండు ఇళ్లలో పెట్టండి. అందులో ఒకటి మేడ మీద ఉండాలి.