సిరాజ్ వాబుల్ సీమ్ మనకూ పడాలంటే

మా గ్రౌండుకి వచ్చే కుర్రాళ్లలో సగం మంది టెన్నిస్ బంతితో పెరిగినవాళ్లే. టీమిండియా పేసర్ సిరాజ్ కూడా హైదరాబాద్‌లో అలా మొదలుపెట్టినవాడే. టెన్నిస్ బంతితో ఆడితే వేగం వస్తుంది, యార్కర్ (బ్యాటర్ కాళ్ల దగ్గర పడే బంతి) వస్తుంది. కానీ దానికి కుట్టు ఉండదుగా, వేళ్లకు సీమ్ అలవాటు కాదు.

అందుకే ముందు మామూలు గ్రిప్ నేర్చుకోండి. చూపుడు వేలు, మధ్య వేలు దగ్గర దగ్గరగా కుట్టు మీద, బొటనవేలు కింద. గాల్లో సీమ్ నిటారుగా నిలబడాలి. నెల పట్టినా సరే, ఇది రాకుండా వాబుల్ సీమ్ (కుట్టు ఊగుతూ వెళ్లే బంతి) జోలికి పోవద్దు.

వచ్చాక, ఆ రెండు వేళ్లనూ కుట్టుకి చెరోపక్కకి జరపండి. మధ్యలో ఇంకో వేలు పట్టేంత సందు చాలు. మణికట్టు వదులుగా ఉంచి, వేళ్లతో బంతిని గీరకుండా వదిలేయండి. సీమ్ అటూ ఇటూ ఊగుతూ వెళ్తుంది. పిచ్ మీద కుట్టు ఎలా తగిలితే బంతి అటు తిరుగుతుంది. ఎటో బ్యాటర్‌కి తెలీదు, నిజం చెప్పాలంటే మనకీ తెలీదు. మొదట్లో నేను నిమ్మకాయ పిండినట్టు పట్టుకునేవాణ్ణి. రెండు వారాలు లెగ్ సైడుకి ఉరికి ఉరికి మా కీపర్ నాతో మాట్లాడటం మానేశాడు.

కొత్త బంతి కొనక్కర్లేదు. పాత బంతికే కుట్టు పక్కన ఒకవైపు స్కెచ్ పెన్‌తో రంగేయండి. ఎవరినైనా ఎదురుగా నిలబెట్టి ఫోన్‌లో స్లో మోషన్ తీయించండి. రంగు కనపడుతూ మాయమవుతూ ఉంటే సరిగ్గా పడుతున్నట్టే. బంతి బొంగరంలా గిర్రున తిరిగితే వేళ్లు జారాయన్నమాట.

లెంగ్త్ (బంతి పిచ్ మీద పడే చోటు) తప్పితే ఇదంతా వృథా. స్టంప్స్‌కి ఆరేడు మీటర్ల దూరంలో సున్నంతో గీత గీసి, ఆఫ్ స్టంప్ లైన్లో దాని చుట్టుపక్కలే వేయండి. 2023 ఆసియా కప్ ఫైనల్లో సిరాజ్ కొలంబోలో 21 పరుగులకు 6 వికెట్లు తీసిన స్పెల్ మళ్లీ చూడండి. ఒకే ఓవర్లో నాలుగు వికెట్లు! హ్యాట్రిక్ బంతికి ఫోర్ పోతే, మిడాన్‌లో ఎవరూ లేరని తనే బౌండరీ దాకా పరిగెత్తాడు. ఆ తర్వాతి బంతికే వికెట్.

2025 ఆగస్టులో ఓవల్ టెస్టు సంగతి వేరు. నాలుగో రోజు ఇంగ్లండ్ బ్యాటర్ బ్రూక్ 19 మీద ఉన్నప్పుడు సిరాజ్ క్యాచ్ పట్టి బౌండరీ తాడు మీద కాలేశాడు. అలా బతికిపోయిన బ్రూక్ 111 కొట్టాడు. మర్నాడు ఇంగ్లండ్‌కి 35 పరుగులు కావాలి, చేతిలో నాలుగు వికెట్లు. అందులో మూడు సిరాజ్‌వే. ఇండియాని 6 పరుగులతో గెలిపించిన ఆఖరి బంతి, అట్కిన్సన్ ఆఫ్ స్టంప్ లేపేసింది, వాబుల్ కాదు, యార్కర్!

అందుకే మావాళ్లతో ప్రాక్టీస్ చివర్లో, కాళ్లు లాగేస్తున్నప్పుడే, ఆరు యార్కర్లు వేయిస్తాను. గురికి క్రీజు మీద ఒక పాత బూటు పెడతాం.