సెకండ్ హ్యాండ్ లగ్జరీ కారు: రీకాల్ మిగిలి ఉందా, ఇంజన్‌ను నమ్మొచ్చా? తేల్చుకునే పద్ధతి

కారులో భద్రతా లోపం ఉందని తేలితే బాగుచేయడానికి కంపెనీ దాన్ని వెనక్కి పిలవడమే రీకాల్. ఆ ఉత్తరం రిజిస్ట్రేషన్‌లో ఉన్న అడ్రసుకు పోతుంది. మీరు కారు కొనకముందే వచ్చిన ఉత్తరమైతే పాత ఓనరు ఇంట్లోనే ఉండిపోయి ఉంటుంది. హ్యూస్టన్‌లో మేం నాలుగేళ్ల పాత కారు ఒకటి కొన్నాం. ఆరు నెలలు హాయిగా తిరిగాక ఒకరోజు ఊరికే రీకాల్ సైట్‌లో కారు నంబర్ కొట్టి చూస్తే ఎయిర్‌బ్యాగ్ రీకాల్ చేయించకుండా అలాగే ఉంది, అదీ మా ఆవిడ రోజూ కూర్చునే సీటు ముందున్న ఎయిర్‌బ్యాగ్. అమ్మినవాళ్లను అడిగితే చెప్పాల్సిన అవసరం లేదన్నారు. నిజానికి అమెరికాలో రీకాల్ పెండింగ్‌లో ఉన్న కొత్త కారును డీలర్ అమ్మకూడదు, పాత కారుకు మాత్రం కేంద్ర చట్టంలో ఆ అడ్డు లేదు. అందుకే ఈ పని కొనేవాళ్లే చేసుకోవాలి. డబ్బు కట్టక ముందే చేసుకోవాలి.

సమస్య: నంబర్ కొట్టాను, "రీకాల్స్ ఏమీ లేవు" అని వచ్చింది, నమ్మొచ్చా?

ముందు నంబర్ సరిగ్గా కొట్టారో లేదో చూడండి. ఇక్కడ కొట్టాల్సింది విన్ నంబర్, అంటే ప్రతి కారుకూ విడిగా ఉండే గుర్తింపు నంబర్. అందులో అక్షరాలు, అంకెలు కలిపి 17 ఉంటాయి. ఐ, ఓ, క్యూ అనే ఇంగ్లిష్ అక్షరాలు అందులో ఉండనే ఉండవు, కాబట్టి గుండ్రంగా కనిపించేది సున్నానే. అమ్మేవాళ్లు వాట్సాప్‌లో పంపిన నంబర్ మీద ఆధారపడకుండా డ్రైవర్ వైపు ముందు అద్దం కింది మూలలో ఉన్నదీ, డోర్ తీస్తే కనిపించే స్టిక్కర్ మీద ఉన్నదీ ఫోటో తీసుకుని రెండూ కలుస్తున్నాయో లేదో చూసి అప్పుడు ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ (అమెరికా ప్రభుత్వ రోడ్డు భద్రతా సంస్థ) సైట్‌లో కొట్టండి. అది ఉచితం.

ఇక ఆ సైట్ చూపించనివి ఏమిటంటే: ఇప్పటికే రిపేరు చేసినవి, 15 ఏళ్లకు ముందు ప్రకటించినవి, నిన్నో మొన్నో ప్రకటించి ఇంకా కార్ల నంబర్లన్నీ ఎక్కించనివి, కొన్ని చిన్న అల్ట్రా లగ్జరీ కంపెనీలవి, ఇతర దేశాల్లో అమ్మిన కార్లవి. అందుకని తయారీ కంపెనీ సొంత సైట్‌లో కూడా అదే నంబర్ కొట్టాలి, కొన్న నెలకు ఒకసారి, తర్వాత ఏడాదికి రెండుసార్లు మళ్లీ చూడాలి. సర్వీస్ సెంటర్‌కు ఫోన్ చేసి "ఈ నంబర్ మీద ఏ రీకాల్ పనులు పూర్తయ్యాయి, ఏవి మిగిలాయి" అని అడిగితే ఇంకా మంచిది.

"కారు పాతదైంది, రీకాల్ టైమ్ అయిపోయింది" అని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. అమెరికాలో ఉచిత రిపేరుకు ఉన్న 15 ఏళ్ల లెక్క, లోపం ఉందని తేల్చిన రోజుకు కారు వయసెంత అన్నదానికి, మీరు షోరూమ్‌కు వెళ్లిన రోజుకు కాదు.

సమస్య: బ్రేక్ తొక్కితే బుస్సుమని గాలి శబ్దం, పెడల్ గట్టిగా ఉంది

దీన్ని రేపు చూద్దాంలే అని వదలకండి. మెర్సిడెస్ ఎంఎల్, జీఎల్, ఆర్ క్లాస్ కార్లలో 2004 నుంచి 2015 మధ్య తయారైనవి ప్రపంచవ్యాప్తంగా దాదాపు పది లక్షలు 2022లో వెనక్కి పిలిచారు. మనం తొక్కే బలాన్ని వాక్యూమ్ సాయంతో పెంచే బ్రేక్ బూస్టర్ మీద ఒక రబ్బరు తొడుగు ఉంటుంది, ఏళ్ల తరబడి దాని కింద తేమ చేరి లోపలి ఇనుము తుప్పు పడుతుంది, చిల్లి పడితే వాక్యూమ్ లీక్ అవుతుంది, ఆ బుస్సు శబ్దం అదే. వాక్యూమ్ సాయం పోయాక కారు ఆపడానికి మామూలుకన్నా చాలా గట్టిగా తొక్కాలి. తుప్పు బాగా ముదిరి ఉంటే అత్యవసరంగా గట్టిగా తొక్కినప్పుడు పెడల్‌కూ బ్రేకులకూ మధ్య లింకే తెగిపోవచ్చు. అమెరికాలో ఈ రీకాల్ కిందికి వచ్చిన కార్లు సుమారు 2,92,000. రిపేరు అయ్యేవరకు నడపొద్దని కంపెనీయే చెప్పింది, బండి లాక్కెళ్లే ఖర్చు కూడా పెట్టుకుంది.

ఈ కార్లు ఇప్పుడు చాలా చౌకగా దొరుకుతాయి, జీఎల్ లాంటి వాటికి ఏడు సీట్లు కాబట్టి ఊరి నుంచి అమ్మానాన్న వచ్చినప్పుడు పనికొస్తుందని కొనేవాళ్లు ఉన్నారు. పెద్దవాళ్లను, పిల్లలను ఎక్కించుకునే బండి అది. బూస్టర్ తనిఖీ అయినట్టు కాగితం చూపించకపోతే టెస్ట్ డ్రైవ్ కూడా చేయకండి.

సమస్య: ఎయిర్‌బ్యాగ్ రీకాల్ ఉంది, పార్ట్ లేదు ఆగమంటున్నారు

టకాటా అనే కంపెనీ ఎయిర్‌బ్యాగ్‌లలో గ్యాస్ పుట్టించడానికి అమోనియం నైట్రేట్ అనే రసాయనం వాడారు. వేడి, తేమ కలిసి ఏళ్లపాటు తగిలితే అది పాడై, చిన్న గుద్దుకే ఇన్‌ఫ్లేటర్ (ఎయిర్‌బ్యాగ్‌ను ఉబ్బించే డబ్బా) పేలి లోహపు ముక్కలు మొహం మీదికి వస్తాయి. ఒక్క అమెరికాలోనే సుమారు 6.7 కోట్ల ఇన్‌ఫ్లేటర్లు రీకాల్ అయ్యాయి, ఇరవై మందికి పైగా చనిపోయారు. టెక్సాస్ తీరం, ఫ్లోరిడా లాంటి చోట్ల ఏళ్లుగా తిరిగిన బండి అయితే ప్రమాదం ఇంకా ఎక్కువ. 2000-2006 మధ్య వచ్చిన కొన్ని బీఎండబ్ల్యూ 3 సిరీస్, 5 సిరీస్, ఎక్స్5 కార్లను అసలు నడపొద్దని 2023లో హెచ్చరించారు.

ఒక సర్వీస్ సెంటర్‌లో పార్ట్ లేదంటే పక్క ఊళ్లో ఇంకోదానికి చేయండి. పార్ట్ ఎప్పుడొస్తుందో ఈమెయిల్‌లో అడగండి, నోటి మాట వద్దు. అంతవరకు వాడుకోవడానికి వేరే కారు ఇవ్వమని గట్టిగా అడగండి, మాకు అడిగాకే ఇచ్చారు. అప్పటికీ మిమ్మల్ని తిప్పుతూనే ఉంటే ఎన్‌హెచ్‌టీఎస్‌ఏకు ఫిర్యాదు పెట్టండి.

సమస్య: రీకాల్స్ అన్నీ క్లీన్, కానీ పొద్దున స్టార్ట్ చేస్తే ఇంజన్ ముందు భాగం నుంచి కూత లాంటి శబ్దం

చాలామంది పొరపాటు పడేది ఇక్కడే. రీకాల్ అనేది భద్రతకు సంబంధించింది. ఇంజన్ త్వరగా పాడవడం వేరే సంగతి, దానికి రీకాల్ రాకపోవచ్చు. ఉదాహరణకు 2012-2015 నాటి బీఎండబ్ల్యూ 328ఐ, 528ఐ లాంటి వాటిలో వచ్చిన ఎన్20 ఇంజన్. అందులో టైమింగ్ చైన్‌ను (ఇంజన్ లోపలి భాగాలు ఒకదానితో ఒకటి లయ తప్పకుండా తిప్పే గొలుసు) పట్టి ఉంచే ప్లాస్టిక్ గైడ్లు పెళుసెక్కి విరుగుతాయి. ముక్కలు ఆయిల్ పాన్‌లో పడి ఆయిల్ లాగే జాలీని మూసేస్తే ఇంజన్ మొత్తం పోతుంది. దీని మీద అమెరికాలో కోర్టు కేసు నడిచి సెటిల్‌మెంట్ కూడా అయింది.

అందుకే చల్లగా ఉన్న ఇంజన్‌నే స్టార్ట్ చేయించాలి. మీరు వెళ్లేసరికి బానెట్ వేడిగా ఉంటే ఇంకోరోజు వస్తానని చెప్పి వచ్చేయండి. శబ్దం అనుమానంగా ఉంటే ఆయిల్ పాన్ దింపి ప్లాస్టిక్ ముక్కలు ఉన్నాయేమో చూడమని ఆ కంపెనీ కార్లు తెలిసిన మెకానిక్‌ను అడగండి, ఇంజన్ ఖర్చుతో పోలిస్తే ఆ కూలి ఏమంత కాదు. ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ సైట్‌లోనే మోడల్, సంవత్సరం కొడితే రీకాల్స్ పక్కనే ఓనర్ల ఫిర్యాదులు, కంపెనీ తన మెకానిక్‌లకు పంపిన సర్వీస్ బులెటిన్లు కూడా వస్తాయి. నేనైతే రేటింగుల కన్నా ముందు ఇవే చదువుతాను.

సమస్య: ఒక రేటింగ్ బాగుందంటుంది, ఇంకోటి బాగోలేదంటుంది

వాళ్లు కొలిచేవి వేరు. జేడీ పవర్ అనే సర్వే సంస్థ మూడేళ్ల కార్ల ఓనర్లను అడిగి వంద కార్లకు ఎన్ని సమస్యలో లెక్కేస్తుంది, ఫోన్ కనెక్ట్ కాకపోయినా అది ఒక సమస్యే. 2023, 2024, 2025 మూడేళ్లూ అందులో మొదటి స్థానం లెక్సస్‌దే. జర్మనీలో వాహనాలను తనిఖీ చేసే టీయూవీ రిపోర్టు తప్పనిసరి తనిఖీలో దొరికిన లోపాల మీద వస్తుంది. మీరు కొనేది పదేళ్ల కారైతే కంపెనీ పేరు మీద వచ్చిన ర్యాంకు పెద్దగా పనికిరాదు, మీ మోడల్, మీ సంవత్సరం, మీ ఇంజన్ కోడ్ పెట్టి వెతకండి.

సమస్య: కారు ఇండియాలో ఉంది, కూలెంట్ తగ్గుతోంది, కింద మాత్రం చుక్క లేదు

2015లో హరిత ట్రిబ్యునల్ ఢిల్లీ ప్రాంతంలో పదేళ్ల డీజిల్ కార్ల మీద ఆంక్షలు పెట్టాక, అక్కడి లగ్జరీ డీజిల్ కార్లు ఎన్‌ఓసీతో హైదరాబాద్, విజయవాడ వైపు కూడా వస్తున్నాయి. ధర చూసి మనసు లాగుతుంది. బీఎండబ్ల్యూ డీజిల్ అయితే ముందు ఈజీఆర్ కూలర్‌ను (ఇంజన్ పొగలో కొంత చల్లబరిచి మళ్లీ ఇంజన్‌లోకి పంపే భాగం) మెకానిక్‌కు చూపించండి. అది లోపల లీకైతే కూలెంట్ మసితో కలిసి జిగురులా పేరుకుంటుంది, వేడి పొగకు అంటుకుంటుంది, ఇంజన్‌లోకి గాలి వెళ్లే ప్లాస్టిక్ గొట్టం (మానిఫోల్డ్) కరిగిపోతుంది. 2018 వేసవిలో దక్షిణ కొరియాలో పదుల కార్లు ఇలాగే తగలబడితే, తనిఖీ చేయించని కార్లను రోడ్డెక్కనివ్వలేదు. ఆ ఏడాది ప్రపంచవ్యాప్తంగా సుమారు 16 లక్షల కార్లు రీకాల్ అయ్యాయి.

ఇండియా కారు నంబర్ అమెరికా సైట్‌లో కొడితే ఉపయోగం లేదు. ప్రభుత్వ యాప్ ఎం-పరివాహన్‌లో చాసిస్ నంబర్ (విన్ నంబర్‌కు ఇక్కడి పేరు) కొంత దాచేసి చూపిస్తారు కాబట్టి ఒరిజినల్ ఆర్‌సీ చేతిలోకి తీసుకుని పూర్తి నంబర్ రాసుకోండి. దాంతో ఆ కంపెనీ అధీకృత సర్వీస్ సెంటర్‌లో రీకాల్ పెండింగ్, సర్వీస్ చరిత్ర రెండూ అడగండి, సియామ్ (వాహన తయారీ కంపెనీల సంఘం) సైట్‌లో కంపెనీలు ప్రకటించిన రీకాల్స్ చూడండి. 2021 ఏప్రిల్ 1 నుంచి కేంద్రం తప్పనిసరి రీకాల్ నిబంధనలు తెచ్చింది, కంపెనీకి 10 లక్షల నుంచి కోటి రూపాయల దాకా జరిమానా ఉంది, కానీ అది ఏడేళ్లలోపు బండ్లకే. ఢిల్లీ నుంచి వచ్చే పదేళ్ల కారుకు ఆ రక్షణ ఉండదు. కాబట్టి సర్వీస్ సెంటర్ లిఫ్ట్ ఎక్కించి చూసేదాకా అడ్వాన్స్ ఇవ్వకండి, అమ్మేవాళ్లు దానికి ఒప్పుకోకపోతే ఇంకో కారు చూసుకోండి.