బోర్డు కొనే ముందు కాటా ఎక్కండి

మా చిన్నాయన కొడుకు గోవా నుంచి ఒక సెకండ్ హ్యాండ్ విండ్‌సర్ఫింగ్ బోర్డు తెచ్చుకున్నాడు. తెరచాప కట్టి, దాని మీద నిలబడి గాలి తోపుతో నీళ్ల మీద పోయే బోర్డు అది. బస్సు టాప్ మీద కట్టించి, అనంతపురం దాకా మోసుకొచ్చాడు. "సగం ధరకే ఇచ్చినాడన్నా, గీత కూడా పడలేదు చూడు" అన్నాడు. తిరగేసి చూస్తే 120 లీటర్లని రాసి ఉంది. మనవాడు 92 కిలోలు. "ఇది నిన్ను మోయదు రా" అంటే మొహం ముడుచుకున్నాడు. కాగితం తీసి లెక్క వేసి చూపించాల్సి వచ్చింది. ఆషాఢం గాలి మొదలవుతోంది, మన కుర్రాళ్లకు రిజర్వాయర్ల మీద మోజు పెరుగుతోంది. అందుకే ఆ లెక్క ఇక్కడ రాస్తున్నాను.

బోర్డు పూర్తిగా మునిగితే ఎంత నీటిని పక్కకు నెడుతుందో, ఆ కొలతే దాని మీద రాసే లీటర్లు. మంచినీళ్లలో ఒక లీటరు ఒక కిలోను మోస్తుంది. అంటే వీడి బోర్డు మోయగలిగేది మొత్తం 120 కిలోలు. బోర్డు సొంత బరువు 10, మాస్టు అనే నిలువు కర్ర, సెయిల్ అనే తెరచాప, చేత్తో పట్టుకునే అడ్డకర్ర బూమ్ కలిపి ఇంకో 10, మనిషి 92, తడిసిన బట్టలు, లైఫ్ జాకెట్ 2. అయ్యింది 114. మిగిలింది ఆరు కిలోలు! కాలు జానెడు పక్కకు పెడితే ఆ అంచు నీళ్లలోకి పోతుంది. అనుభవం ఉన్నవాళ్లు ఇలాంటి చిన్న బోర్డులనే ఇష్టపడతారు, నిజమే. వేగం అందుకున్నాక బోర్డు నీటి పైకి లేచి జారుతుంది కాబట్టి వాళ్లకు లీటర్లతో పెద్ద పని ఉండదు. నేర్చుకునేవాడికి ఆ వేగం యాడ నుంచి వస్తుంది?

కొత్తవాళ్లు తమ బరువుకు సుమారు 100 కలుపుకోవాలి. 60 కిలోల మనిషికి 160 లీటర్లు, 75 కిలోలకు 175, మా వాడికి 190కి తగ్గకూడదు. వెడల్పు 80 సెంటీమీటర్లు దాటి ఉండాలి. మధ్యలో నీళ్లలోకి కిందికి దిగే పలక, డాగర్‌బోర్డు, ఉంటే మరీ మంచిది, అది లేకపోతే గాలి మిమ్మల్ని పక్కకు ఈడ్చుకుపోతుంది. గోవాలో, పుదుచ్చేరిలో నేర్చుకుని వచ్చినవాళ్లు ఇంకో మాట గుర్తుపెట్టుకోండి. ఉప్పునీరు రెండు మూడు శాతం ఎక్కువ మోస్తుంది. అక్కడ సరిపోయిన బోర్డు మన డ్యాముల్లో కొంచెం కిందికి దిగినట్టు అనిపిస్తుంది.

సెయిల్ దగ్గరికి వస్తే లెక్క తిరగబడుతుంది. బోర్డు పెద్దది ఉండాలి, సెయిల్ చిన్నది ఉండాలి. గంటకు 15 కిలోమీటర్ల మెత్తటి గాలిలో 55 కిలోల మనిషికి 4 చదరపు మీటర్లు, 75 కిలోలకు 5, 90 దాటితే ఐదున్నర. 30, 40 కిలోల పిల్లలకు రెండు నుంచి మూడు చాలు. బరువు ఎక్కువ ఉన్నవాళ్లు లాగుడుకు ఎదురు నిలబడగలరు కాబట్టే వాళ్లకు పెద్ద సెయిల్.

గాలి వేగం రెట్టింపైతే దాని బలం నాలుగు రెట్లవుతుంది. 20 కిలోమీటర్ల గాలి 28 అయ్యిందంటే లాగుడు దాదాపు రెట్టింపు. పుదుచ్చేరిలో నాకు ఇది బాగా తెలిసొచ్చింది. పొద్దున గాలి తక్కువగా ఉందని 6 చదరపు మీటర్ల సెయిల్ తీసుకున్నాను. పదకొండుకల్లా గాలి పెరిగింది. నీళ్లలో పడ్డ సెయిల్‌ను తాడు పట్టి పైకి లాగడం, అది నన్ను ముందుకు విసిరేయడం, మళ్లీ ఎక్కడం. గంటసేపు ఇదే పని. మూడు రోజులు అన్నం ముద్ద కలపడానికి వేళ్లు వంగలేదు. కాబట్టి వాతావరణం యాప్‌లో సగటు వేగం పక్కన ఉండే గస్ట్ (ఒక్కసారిగా విసిరే గాలి) అంకె చూడండి, సెయిల్‌ను దాన్నిబట్టే ఎంచుకోండి. యాప్ లేకపోతే నీళ్లే చెబుతాయి. తెల్లటి నురగ అక్కడక్కడ కనిపిస్తే 12 నుంచి 19 కిలోమీటర్లు. ఎటు చూసినా కనిపిస్తుంటే 20 దాటింది, కొత్తవాళ్లు ఆ పూటకి ఒడ్డునే ఉండాలి.

ఇక మన సీమ సంగతి. ఆషాఢంలో గాలి బాగుంటుందని అందరికీ తెలుసు, రామగిరి కొండల మీద గాలిమరలు ఊరికే పెట్టలేదు. కానీ ఆ నెలల్లో మన రిజర్వాయర్లలో నీళ్లు తక్కువ. గాలి బలంగా ఉన్నప్పుడే బండలు, తుమ్మ మొద్దులు, బురద పైకి తేలి ఉంటాయి. వరద నీళ్లు వచ్చి నిండేసరికి ఆగస్టు, సెప్టెంబర్ దాటుతుంది. గండికోట జలాశయం కింద తాళ్లప్రొద్దుటూరు లాంటి ఊళ్లే మునిగి ఉన్నాయి. మట్టం తగ్గినప్పుడు అలాంటి చోట బోర్డు కింద రెక్కలా ఉండే ఫిన్ దేనికి తగులుతుందో, మీ కాలు దేని మీద పడుతుందో చెప్పలేం. జాలర్ల వలలు వీటికి అదనం. నన్నడిగితే కొత్తవాళ్లు ఆషాఢాన్ని వదిలేసి, డిసెంబర్, జనవరిలో నీళ్లు నిండుగా, గాలి నెమ్మదిగా ఉన్నప్పుడు మొదలుపెట్టాలి. అదీ జలవనరుల శాఖ అనుమతి తీసుకుని, పక్కన ఒక బోటు పెట్టుకుని.

ఏ ఒడ్డున దిగాలన్నది గాలిని బట్టి చూసుకోవాలి. దూరంగా గాలిమర కనిపిస్తే దాని రెక్కలు ఎటు మొహం పెట్టాయో చూడండి, గాలి వచ్చేది అటు నుంచే. ఆషాఢంలో అది ఎక్కువగా పడమర, నైరుతి. అప్పుడు తూర్పు ఒడ్డున దిగితే, చేతగాక కూలబడినా గాలే మిమ్మల్ని మెల్లగా గట్టుకు చేరుస్తుంది. పడమటి ఒడ్డున నీళ్లు నున్నగా, అలల్లేకుండా ఊరిస్తుంటాయి, అక్కడే మోసపోయేది. పోవడం సులువు, తిరిగి రావడం ఉండదు. తూర్పున డ్యాము కట్ట, గేట్లు ఉంటే మాత్రం అటు వద్దు. కొండ చాటు కూడా వద్దు, అక్కడ గాలి ఒకసారి ఆగిపోయి, ఒకసారి చెంపదెబ్బలా వస్తుంది.

మనలో చాలామంది ఈత నేర్చింది బావుల్లో. బావిలో అలసిపోతే నాలుగు బారల్లో గోడ చేతికి అందుతుంది. రిజర్వాయర్ మధ్యలో గోడ లేదు. అందుకే ఎంత ఈతగాడైనా జాకెట్ వేసుకోవాల్సిందే. ఈత రానివాళ్లు ఈ ఆట జోలికే పోవద్దు. 50 న్యూటన్లని రాసి ఉన్న జాకెట్ సుమారు 5 కిలోల తేలుడు ఇస్తుంది, ఈత వచ్చి, దగ్గర్లో మనుషులు ఉన్నవాళ్లకు అది చాలు. నీళ్లలో మనిషి బరువు కొద్ది కిలోలే కదా. లేబుల్ మీద బరువు, ఛాతీ కొలత రెండూ చూడండి. వేసుకుని బెల్టులు బిగించి, వెనక నుంచి ఎవరినైనా భుజాల దగ్గర పట్టి పైకి లాగమనండి. అది చెవుల దాకా వస్తే మీ సైజు కాదు.

బూమ్ భుజానికీ గడ్డానికీ మధ్య ఎత్తులో కట్టుకోండి. మాస్టును బోర్డుకు కలిపే రబ్బరు జాయింట్‌ను వంచి చూడండి, చిన్న పగులున్నా మార్చేయండి, సెకండ్ హ్యాండ్‌లో ముందు పోయేది అదే. ఒంటిని బూమ్‌కు తగిలించే నడుం పట్టీ, హార్నెస్, ఇప్పుడే వద్దు. కాళ్లకు బూట్లు, ఒంటికి నిండు చేతుల చొక్కా. ఉరుము వినపడితే వెంటనే గట్టుకు రావాలి, కార్బన్ మాస్టు పట్టుకుని నీళ్ల మధ్య నిలబడే సమయం కాదది. గాలి లాక్కుపోతే బోర్డును వదిలి ఈదకండి. దాని మీదే కూర్చుని రెండు చేతులూ పక్కలకు చాచి, పైకీ కిందికీ ఊపండి. ఒడ్డున ఉన్నవాళ్లు 112కు ఫోన్ చేస్తారు.

ఇంకొకటి, మన ఎండలో బోర్డును ఆరుబయట పడేయొద్దు. లోపలి గాలి వేడికి వ్యాకోచించి పై పొర ఉబ్బుతుంది. గాలి పోవడానికి చిన్న స్క్రూ ఉంటే ఇంట్లో ఉన్నప్పుడు వదులు చేసి, నీళ్లలోకి దిగే ముందు బిగించాలి. ఈ సంగతి మా చిన్నమ్మకు చెప్పేలోపే ఆమె ఆ 120 లీటర్ల బోర్డును మిద్దె మీద వేసి వడియాలు పెట్టేసింది.