ఇంటర్నెట్ షేర్ల జోలికి వెళ్లే ముందు

ఇంటర్నెట్ కంపెనీల షేర్లు ఎగబాకుతున్న రోజుల్లో జాగ్రత్తలు చెప్పేవారి మాట ఎవరికీ రుచించదు. పక్కవారి లాభం కళ్లెదుట కనిపిస్తుంటే నష్టం ఊసు ఎవరికి కావాలి? అయినా ఈ జాగ్రత్తలకు వేళ కొనకముందే. కొన్న మర్నాటి నుంచి బుర్ర ఆ ధర చుట్టూనే తిరుగుతుంది.

ముందుగా లెక్క చూడండి. అమెరికాలో టెక్నాలజీ కంపెనీలు ఎక్కువగా ఉండే నాస్‌డాక్ సూచీ 2000 మార్చి 10న 5,048 దగ్గర ముగిసింది. 2002 అక్టోబరులో 1,114కి పడింది. అంటే దాదాపు 78 శాతం పోయింది. వంద రూపాయలు ఇరవై రెండయ్యాక మళ్లీ వంద కావాలంటే నాలుగున్నర రెట్లు పెరగాలి. ఆ సూచీ పాత శిఖరాన్ని దాటి ముగియడానికి 2015 దాకా పట్టింది. ‘మంచి కంపెనీ అయితే పట్టుకుని కూర్చుంటే చాలు’ అనేవారు అమెజాన్‌ను చూపిస్తారు. ఆ అమెజాన్ షేరే వంద డాలర్లు దాటిన చోటు నుంచి 2001లో ఆరు డాలర్ల కిందికి జారింది. అంత పతనంలో అమ్మకుండా నిలబడగలిగేవారు ఎందరు? పైగా ఏది అమెజాన్‌లా నిలుస్తుందో, ఏది పెంపుడు జంతువుల సరుకులు ఇంటర్నెట్‌లో అమ్మిన పెట్స్ డాట్ కామ్‌లా 2000 ఫిబ్రవరిలో పబ్లిక్ ఇష్యూకు వచ్చి (తొలిసారి షేర్లు జనానికి అమ్మి) నవంబరుకే మూతపడుతుందో అప్పట్లో ఎవరి నుదుటా రాసి లేదు.

అప్పు తెచ్చిన సొమ్ము మాత్రం వద్దే వద్దు. ఈ ఒక్క విషయంలో మినహాయింపు ఇవ్వబుద్ధి కాదు. లక్ష సొంతం, లక్ష అప్పు కలిపి కొన్నారనుకోండి. షేరు సగానికి పడితే మీ లక్ష మొత్తం పోయినట్టే, అప్పు మాత్రం అలాగే ఉంటుంది. మార్జిన్ మీద, అంటే బ్రోకరు దగ్గరే అప్పు తీసుకుని కొంటే అంతదాకా కూడా ఆగరు. అదనపు సొమ్ము కట్టమంటారు, కట్టకపోతే బ్రోకరే అమ్మేస్తాడు. ఆ తర్వాత ధర కోలుకున్నా మీకు ఒరిగేదేమీ ఉండదు. ఫీజులకు, ఇంటి వాయిదాలకు, ఆస్పత్రికి దాచినది కూడా ఇందులోకి రాకూడదు.

కంపెనీ లెక్కల్లో ఒక్కటైనా చూడండి: చేతిలో ఉన్న నగదు ఇప్పటి ఖర్చుతో ఎన్ని నెలలు వస్తుంది? కొత్తగా ఇష్యూకు వచ్చిన కంపెనీ అయితే పాత వాటాదారులు తమ షేర్లు అమ్మకూడని లాకిన్ గడువు ఎప్పుడు తీరుతుందో కూడా. ఆ రోజు అమ్మేవారు ఒక్కసారిగా పెరగవచ్చు.

ఇక మనసు సంగతి. దీని గురించి బ్రోకరు చెప్పడు. లాభం ఇచ్చే సంతోషం కన్నా అంతే నష్టం పెట్టే బాధ ఎక్కువని మనస్తత్వ శాస్త్రవేత్తలు కానెమన్, ట్వెర్‌స్కీ ఏనాడో తేల్చారు. ఆ బాధను తప్పించుకోవడానికే మనిషి పడుతున్న షేరును ‘సగటు ధర తగ్గుతుంది’ అంటూ ఇంకొంచెం కొంటాడు. నూటికి కొన్నది యాభైకి పడితే అంతే సంఖ్యలో మళ్లీ కొంటాడు. సగటు డెబ్బై అయిదయింది కదా అని ఊరట. కానీ కుంగుతున్న చోట ఇరుక్కున్న షేర్లు రెట్టింపయ్యాయి. రాత్రి లేచి ఫోనులో ధర చూడటం, భోజనం దగ్గర పరధ్యానం, ఇంట్లో అడిగితే ‘బాగానే ఉంది’ అనడం, ఆ అబద్ధం కప్పిపుచ్చడానికి ఇంకో అప్పు... ఈ వరుసలో అన్నిటికన్నా ప్రమాదకరం దాచడం. నష్టం ఎంతైనా ఇంట్లో ఒకరికి అంకెతో సహా తెలియాలి. నిద్ర పూర్తిగా దూరమైనా, బతకాలనిపించకపోయినా ఆ రోజే ఇంట్లో చెప్పి, వైద్యుణ్ణి కలవండి. డబ్బు లెక్క తర్వాత చూసుకోవచ్చు.

చిట్కాలు పంపేవారి విషయంలో ఒకే ప్రశ్న: మీరు కొంటే వారికేమిటి లాభం?

కొనే ముందు ఒక కాగితం మీద మూడు వాక్యాలు రాయండి. ఈ షేరు ఎందుకు కొంటున్నాను, ఎంతకు పడితే అమ్మేస్తాను, మొత్తం పోతే ఇంట్లో ఏ ఖర్చు ఆగుతుంది. రాసింది ఇంట్లోవారికి చదివి వినిపించండి. మూడో వాక్యం దగ్గర గొంతు తడబడితే, పెట్టాలనుకున్న మొత్తాన్ని తగ్గించి మళ్లీ రాయండి.