ఫోన్ భద్రత, 4వ పాఠం: పిన్ కోడ్‌ని పిన్‌గా పెట్టకండి

పోయిన పాఠం పుణ్యమా అని మన వాళ్లవి మూడు సిమ్‌లు లాకైపోయాయి. తప్పు నాదే. సిమ్‌కి పిన్ పెట్టుకోమని చెప్పి అసలు వాక్యం మింగేశాను. సిమ్ లాక్ ఆన్ చేయగానే ఫోన్ అడిగేది మీ మనసులో ఉన్న కొత్త అంకెలు కాదు, కంపెనీవాళ్లు సిమ్‌లో ముందే పెట్టి ఇచ్చిన పిన్. అదేంటో కస్టమర్ కేర్‌ని అడిగి కొట్టాలి, లాక్ ఆన్ అయ్యాకే దాన్ని మార్చి మీ సొంతది పెట్టుకోవాలి. మన వాళ్లు నేరుగా సొంత అంకెలు కొట్టారు, మూడుసార్లు తప్పయ్యేసరికి సిమ్ పీయూకే అడిగింది. అది 8 అంకెల కోడ్, కంపెనీయే ఇవ్వాలి. ఊహించి కొడితే, పదిసార్లు తప్పాక ఆ సిమ్ ఇక లేవదు, కొత్తది తీసుకోవాల్సిందే. గాజువాక అక్క ఒకావిడ ఏడుసార్లు కొట్టేసి, ఎందుకో అనుమానం వచ్చి వాళ్లాయన ఫోన్ నుంచి నాకు చేసింది. బతికిపోయింది.

ఇంత తలనొప్పి ఎందుకండీ అని అడిగారు కొందరు. ఆర్టీసీ కాంప్లెక్స్‌లో బస్సెక్కే తోపులాటలో ఫోన్ పోయిందనుకోండి. స్క్రీన్ లాక్ ఉంది కదా అని మీరు ధీమాగా ఉంటారు. దొంగ లాక్ జోలికే పోడు, సిమ్ తీసి ఇంకో ఫోన్‌లో వేసుకుంటాడు, మీ ఓటీపీలన్నీ అటు వెళ్తాయి. సిమ్‌కి పిన్ ఉంటే ఆ రెండో ఫోన్ ముందు పిన్ అడుగుతుంది. అలాగే ఫోన్ ఆఫ్ చేసి ఆన్ చేసిన ప్రతిసారీ మిమ్మల్నీ అడుగుతుంది, సిగ్నల్ లేదని కంగారు పడకండి.

ఇక ఈవారం పాఠం, వాట్సాప్. సెట్టింగ్స్‌లో అకౌంట్, అందులో టూ స్టెప్ వెరిఫికేషన్, ఆన్ చేసి 6 అంకెల పిన్ పెట్టడం. రెండు నిమిషాల పని. తర్వాత ఈమెయిల్ అడుగుతుంది, అక్కడ స్కిప్ నొక్కకండి. పిన్ మర్చిపోయిన రోజున ఈమెయిల్ లేకపోతే కొత్త ఫోన్‌లో వాట్సాప్ తెరవడానికి 7 రోజులు ఆగాలి.

ఇప్పుడు నాకు ఒళ్లు మండే విషయం. 6 అంకెలు అనగానే మన ఊళ్లో సగం మందికి తట్టేది ఇంటి పిన్ కోడ్. ఎంవీపీ కాలనీవాళ్లు 530017, గాజువాకవాళ్లు 530026. గుర్తుంటుంది కదండీ అంటారు. దొంగకీ గుర్తుంటుందండీ! విశాఖలో దాదాపు ఎక్కడున్నా మొదటి మూడు అంకెలు 530 అని తెలిసినప్పుడు మిగిలేవి మూడే, అవి కూడా మీకొచ్చే కొరియర్ కవర్ల మీద అచ్చై చెత్తబుట్టలో ఉంటాయి. సరే అని పుట్టినరోజు పెడతారు, అది గ్రూపులో కేక్ ఫోటోతో సహా ఉంటుంది. పెళ్లిరోజూ అంతే. ఒకాయన తెలివిగా పిన్ కోడ్‌ని తిరగేసి పెట్టానన్నాడు, ఆ తెలివి ఆయనొక్కడికే ఉందా? ఇంకొకాయన యూపీఐ పిన్‌నే ఇక్కడా పెట్టాడు, అంటే ఒక్క తాళంచెవి పోతే ఇల్లూ పెట్టే రెండూ పోయినట్టే.

నేనైతే ఇంట్లో ఉన్న పాత కరెంటు బిల్లు తీసి, ఎక్కడో మధ్యలో వేలు పెట్టి, దొరికిన అంకెల్ని అటూ ఇటూ మార్చి తీసుకుంటాను. కాగితం మీద రాసి బియ్యం డబ్బా కింద పెడతాను కూడా. కాగితం మీద రాయకూడదు అనే పెద్దమనుషులు ఉన్నారు, ఉండనివ్వండి. ఫోన్ కొట్టేసినవాడు మా బియ్యం డబ్బా దాకా రాడు.

ఒక్క తేడా మాత్రం పట్టుకోండి. ఈ పిన్ మీరు పెట్టుకున్నది. వాట్సాప్ ఎస్సెమ్మెస్‌లో పంపే 6 అంకెలు వేరు, అవి కొత్త ఫోన్‌లో అకౌంట్ తెరవడానికి. "మా కోడ్ పొరపాటున మీకొచ్చింది, చెప్పండి పిన్నీ" అని చుట్టాల నంబరు నుంచే మెసేజ్ వస్తుంది, ఎందుకంటే వాళ్ల అకౌంట్ అప్పటికే పోయింది. రెండూ ఎవరికీ చెప్పకండి. ఒకవేళ డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

అభ్యాసం: ఆదివారంలోగా ఇంట్లో ఉన్న అన్ని ఫోన్లకూ సిమ్ పిన్, వాట్సాప్ పిన్ రెండూ పెట్టాలి, అమ్మమ్మ ఫోన్‌తో సహా. తర్వాత అన్నీ ఒకేసారి ఆఫ్ చేసి, కాగితం చూడకుండా ఆన్ చేయండి. సిమ్ పిన్ రెండుసార్లు తప్పితే మూడోది కొట్టకుండా ఆగి, కాగితం వెతుక్కోండి. నాకు ఫోన్ చేసేవాళ్లు సాయంత్రం నాలుగు తర్వాత చేయండి, ఆదివారం మధ్యాహ్నం నేను పడుకుంటాను.