కిడ్నీలో గడ్డ వరకే తీసే కీహోల్ (చిన్న గాట్లతో చేసే) ఆపరేషన్‌కి వెళ్లేముందు ఇవి చూసుకోండి

గుంటూరులో చేయించుకున్నా విజయవాడలో చేయించుకున్నా, ముందు మీరు వాడే మందులన్నీ ఒక కాగితం మీద రాసి కిడ్నీ ఆపరేషన్ చేసే యూరాలజిస్ట్‌కి, మత్తు డాక్టర్‌కి ఇద్దరికీ చూపించండి. ముఖ్యంగా ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ లాంటి రక్తం పల్చబడే మందులు సొంతంగా అస్సలు ఆపొద్దు, గుండెలో స్టెంట్ ఉంటే ఇది మరీ ముఖ్యం, ఎప్పుడు ఆపాలో వాళ్లే చెప్తారు. షుగర్‌కి డాపాగ్లిఫ్లోజిన్ లాంటివి వాడుతుంటే అది కూడా చెప్పండి, మామూలుగా మూడు రోజుల ముందే ఆపిస్తారు.

సిగరెట్ మానెయ్యండి.

సీటీ ఫిల్ములు, క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్త పరీక్ష) రిపోర్టు దగ్గర పెట్టుకోండి. 4 సెంటీమీటర్ల లోపు గడ్డలకి ఎక్కువగా ఇదే చేస్తారు, కానీ లోపల పరిస్థితిని బట్టి పెద్ద కోత పెట్టి ఓపెన్ చేయాల్సి రావచ్చు, ఒక్కోసారి కిడ్నీ మొత్తం తీయాల్సి రావచ్చు, అందుకే సంతకం పెట్టేముందే ఈ మాట అడిగి ఇంట్లోవాళ్లక్కూడా చెప్పి ఉంచండి.

ఆరోగ్యశ్రీ (ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ) కార్డు ఉంటే ఈ ఆపరేషన్‌కి వర్తిస్తుందో లేదో ముందే కనుక్కోండి.

గాట్లు చిన్నవే కదా అని మిర్చియార్డులో బస్తాలెత్తే పనికి వెంటనే పోకండి బాబూ, లోపల కుట్లేసిన కిడ్నీ మానాలి, 4 నుంచి 6 వారాలు బరువులొద్దు. భుజం నొప్పి ఆపరేషన్ టైంలో పొట్టలోకి నింపే గ్యాస్ వల్ల వస్తుంది, తగ్గిపోతుంది. ఇంటికొచ్చిన రెండు మూడు వారాలకైనా మూత్రం ఎర్రగా వచ్చినా కళ్లు తిరిగినా, రాత్రైనా సరే ఎమర్జెన్సీకి వెళ్లిపోండి. డైక్లోఫెనాక్ లాంటి నొప్పి బిళ్లలు మెడికల్ షాపులో అడిగి కొనుక్కోవద్దు.